పిల్లలకు మీరు, పెద్దలకు నువ్వు

లోకమంతా పెద్దవాళ్ళని 'మీరు' అంటుంది, పిల్లల్ని 'నువ్వు' అంటుంది. ఆ స్కూల్లో లెక్కల మాష్టారు ఒక్కరే పిల్లలందర్నీ 'మీరు' అని, పెద్దవాళ్ళందర్నీ 'నువ్వు' అని పిలిచేవారు. పొరపాటున కాదు, మతిమరుపు వల్లా కాదు. ఆయనకి వ్యాకరణం లెక్కలకన్నా బాగా వచ్చు.

ఒకటో తరగతి పిల్లాడు ముక్కు కార్చుకుంటూ ఎదురుపడితే ఆగి, నడుం వంచి, "తుడుచుకోండి బాబుగారూ, పెదవి దాకా వచ్చేసింది" అనేవారు. అదే వరండాలో తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు ఎదురుపడితే, "వచ్చావా, కూర్చో. ఎండన పడి వచ్చినట్టున్నావు, ముందు మంచినీళ్ళు తాగు" అనేవారు. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి, తన వెనకాల ఎవరైనా కుర్రాడు నిలబడ్డాడేమోనని చూసుకునేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. ఇంకేం చేస్తాడు, కూర్చుని మంచినీళ్ళు తాగేవాడు.

ఈ పద్ధతి మనుషులతో ఆగలేదు. గేటు దగ్గర పడుకునే ముసలికుక్కని "లే, దారికడ్డంగా పడుకుంటావేం" అని అదిలించేవారు. దాని పిల్లల దగ్గరకొచ్చేసరికి గొంతు మారిపోయేది. "కాస్త జరుగుతారా, కాలు పడుతుంది" అని అడిగి, అవి జరిగేదాకా నిలబడేవారు. కుక్కపిల్లలు ఎప్పుడు జరుగుతాయి, ఎప్పుడు జరగవు అనేది వాటి ఇష్టం కాబట్టి మాష్టారు ప్రార్థనకి ఆలస్యంగా వచ్చేవారు.

అందుకని ఆయనకి 'మీరు మాష్టారు' అని పేరు పడింది. ఆ పేరు పిల్లలు పెట్టారు. పెద్దవాళ్ళని పెట్టమంటే 'నువ్వు మాష్టారు' అని పెట్టి ఉండేవారు.

ఆయన క్లాసు నాలుగో తరగతి. ఆ గదిలో పిల్లలు కూడా ఒకరినొకరు 'మీరు' అనుకునేవారు. దాంతో దెబ్బలాటలు సరిగ్గా సాగేవి కావు. "మీరు నా పెన్సిల్ ఎందుకు విరిచారండీ?" "మీరు ముందు నా కాలు తొక్కారు కాబట్టండీ." "మీ తల పగలగొడతానండీ." "పగలగొట్టి చూడండి." ఇంతవరకు వచ్చాక ఇద్దరికీ నవ్వొచ్చేసేది. నవ్వు వచ్చాక తల పగలగొట్టడం చాలా కష్టం.

ఇళ్ళల్లో మాత్రం ఇది కొంప ముంచేది. ఒక తండ్రి లబోదిబోమంటూ వచ్చాడు. "ఏమండీ, మావాడు ఇంట్లో నన్ను 'ఏం నాన్నా, నువ్వు అన్నం తిన్నావా' అంటున్నాడు. వాడి చెల్లెల్ని మాత్రం 'మీరు పడుకోండి' అంటున్నాడు. దాని వయసు రెండేళ్ళండీ."

"నువ్వు తిన్నావో లేదో కనుక్కున్నాడు కదా," అన్నారు మాష్టారు. "ఇంతకీ తిన్నావా?"

ఆ తండ్రి కాసేపు ఆలోచించి, తినలేదని చెప్పాడు. మాష్టారు తన క్యారేజీ విప్పారు.

ఇలాంటి చోటికి కొత్తగా ఉద్యోగంలో చేరింది తెలుగు టీచరు. ఊరికి కొత్త, ఉద్యోగానికి కొత్త, వయసుకీ కొత్తే. మనిషి పొట్టి, గొంతు సన్నం. మొదటిరోజు గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేసి, "యూనిఫారమ్ ఏదమ్మా? రేపట్నించి వేసుకునిరా" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. పెద్దదానిలా కనిపించడానికి ఆవిడ అప్పటికే చెయ్యగలిగినవన్నీ చేసింది. గంజి పెట్టిన చీర కట్టింది, జుట్టు బిగించి ముడి వేసింది, కంటిచూపు దివ్యంగా ఉన్నా పవర్ లేని కళ్ళద్దాలు కొనుక్కుంది. ఆ కళ్ళద్దాలు ముక్కు మీద నిలవక జారిపోతుంటే వేలితో పైకి తోసుకుంటూ స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెట్టింది.

అక్కడ కిటికీ పక్కన కూర్చున్న మీరు మాష్టారు తల ఎత్తి చూసి, "నువ్వేనా కొత్తగా వచ్చింది? రా, ఇలా కూర్చో. ఫ్యాను ఇక్కడ బాగా తగులుతుంది" అన్నారు.

గంజి చీర ఒక్కసారిగా మెత్తబడిపోయినట్టు అనిపించింది ఆవిడకి. ఫ్యాను బాగా తగిలేచోటు కాదని, కావాలనే తగలని చోట కూర్చుంది.

పక్కనున్న డ్రిల్లు మాష్టారు ఓదార్చాడు. "బాధపడకండి మేడమ్. ఇక్కడ అందరం నువ్వులమే. ఆయన దగ్గర పిల్లలకి మీరు అనేది పుట్టుకతో వస్తుంది, పెద్దవాళ్ళు సంపాదించుకోవాలి. మా అందరి అంచనా అది."

"మీరు సంపాదించుకోలేదా?"

"నేనా? కిందటేడు మన పిల్లలు పరుగుపందెంలో కప్పు గెలిస్తే, ఇవాళ తప్పకుండా మీరు అంటారని కొత్త చొక్కా వేసుకొచ్చాను. ఆయన నా భుజం తట్టి, 'భలే చేశావురా' అన్నారు. ఉన్నదానికి ఒక 'రా' కూడా తగిలించారు. అప్పట్నించి ఆశ వదులుకున్నాను."

కొత్త టీచరు ఆశ వదులుకునే రకం కాదు. ఆయన చేత మీరు అనిపించుకుని తీరాలని మనసులో పట్టు పట్టింది. అందరికన్నా ముందు స్కూలుకి రావడం మొదలుపెట్టింది. మాష్టారు గది తలుపు తీస్తూ, "ఇంత పొద్దున్నే వచ్చేశావేం, టిఫిన్ తిన్నావా?" అన్నారు. ఆయన ఎదుట గ్రాంథికంలో మాట్లాడి చూసింది. "గొంతు నొప్పా నీకు?" అన్నారు. ఒకరోజు ఆయన లెక్కల క్లాసుకి రాలేకపోతే ఆ పిల్లలకి తానే లెక్కలు చెప్పింది. మర్నాడు ఆయన ఎంతో మెచ్చుకుని, "నువ్వు బంగారుతల్లివి" అన్నారు. ఆ పూటంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

"గౌరవం అనేది బతిమాలి తెచ్చుకునేది కాదు," అంది ఆవిడ ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో, మాష్టారికి వినపడేలా. "టీచరు టీచరే. లోపలికి రాగానే క్లాసు లేచి నిలబడాలి. టీచరు మంచిదా, చెడ్డదా అని పిల్లలు తూచి నిలబడతారా ఎక్కడైనా?"

"తూచరు. నిజమే," అన్నారు మాష్టారు టీ చల్లార్చుకుంటూ. "కానీ వాళ్ళకి గౌరవం అంటే ఏమిటో ముందు ఎవరో ఒకరు రుచి చూపించాలి కదమ్మా. ఎప్పుడూ తినని వంట వాళ్ళు మనకెలా వండిపెడతారు? ఈ బిస్కెట్ తిను, మెత్తగా ఉంది."

ఆవిడ బిస్కెట్ తినలేదు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అందరూ పిచ్చుక అనేవారు. మనిషి గుప్పెడు, కళ్ళు రెండు గుప్పెళ్ళు. పైకి చదవమంటే అక్షరం అక్షరం ముక్కుతో పొడిచి ఏరుకున్నట్టు నెమ్మదిగా చదివేది. మాష్టారు ఆ పిల్లని 'పిచ్చుకగారూ' అని పిలిచి, ఆవిడ చదివేదాకా ఎంతసేపైనా గోడకానుకుని వినేవారు. ఒక్కోసారి గంట కొట్టేసేవారు, పిచ్చుకగారు ఇంకా రెండో వాక్యంలోనే ఉండేవారు.

ఒకనాడు తెలుగు క్లాసులో కొత్త టీచరు ఆ పిల్లని చదవమంది. పాఠం మొదటి వాక్యం 'పెద్దలను గౌరవించాలి' అని. పిచ్చుక వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, "పె-ద్ద-ల-ను... గా-ర-విం-చా-లి" అని చదివింది.

"ఏమిటీ?"

"గారవించాలి అండీ."

అంతకుముందే ఆ రోజు వాచ్‌మన్ మళ్ళీ ఆవిడని పదో తరగతి గదిలోకి వెళ్ళమని తోలాడు. ఆ చిరాకు ఎవరి మీదో ఒకరి మీద దిగాలి. "గారవించడమా? పెద్దవాళ్ళని గారం చేస్తావా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని జో కొడతావా? ఎంత మొద్దువే నువ్వు" అంటూ ఆవిడ నవ్వింది. టీచరు నవ్వితే క్లాసు నవ్వకుండా ఉంటుందా, అందరూ ఘొల్లుమన్నారు. పిచ్చుక ఏడవలేదు. పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఆవిడ క్లాసులోకి రాగానే అందరూ లేచారు. పిచ్చుక లేవలేదు.

"నిలబడు."

పిచ్చుక కదల్లేదు.

"చెవులు వినపడట్లేదా? టీచరు వస్తే నిలబడాలని తెలీదూ?"

"తెలుసండీ."

"మరి?"

"నాకు రావట్లేదండీ."

"ఏం రావట్లేదు?"

"గౌరవం." అక్షరం పొల్లు పోకుండా, స్పష్టంగా పలికింది ఆ పిల్ల. "వస్తే నిలబడతానండీ."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్ళద్దాలు జారిపోతున్నా పట్టించుకోకుండా నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళింది.

హెడ్‌మిస్ట్రెస్‌ని అందరూ పెద్దమేడమ్ అనేవారు. నవ్వితే నష్టమన్నట్టుండే మనిషి. ఆవిడ నడిచొస్తుంటే వరండాలో పావురాలు కూడా వరసగా కూర్చునేవి. సంగతి విని వెంటనే మీరు మాష్టారిని పిలిపించారు.

"చూశారా మాష్టారూ, మీ క్లాసు సంగతి. పిల్లలకి లేనిపోని మర్యాదలు అలవాటు చేస్తే ఇదే జరుగుతుంది. నెత్తికెక్కి కూర్చున్నారు."

"నువ్వు అరవకు, నీకు బీపీ ఉంది," అన్నారు మాష్టారు.

"నా బీపీ సంగతి తర్వాత. సోమవారం ప్రార్థన దగ్గర ఆ పిల్ల స్కూలు అందరి ముందూ ఈ టీచరుగారికి క్షమాపణ చెప్పాలి. చెప్పకపోతే ఇంటికి పంపించేస్తాను. ఆ పిల్లని ఒప్పించే బాధ్యత మీది."

మాష్టారు గుమ్మం బయటికి వచ్చాక కొత్త టీచరు వైపు తిరిగారు. "ఏమ్మా, సోమవారం దాకా ఎందుకు, నువ్వే ఒకసారి ఆ పిల్లని కూర్చోబెట్టుకుని మాట్లాడకూడదూ? చిన్న ముల్లు. ఇప్పుడైతే గోటితో వచ్చేస్తుంది."

"నేనా? నేనెందుకు మాట్లాడాలి? నేను టీచర్ని. ఆ పిల్లే నా దగ్గరకి రావాలి."

"నవ్వింది నువ్వు కదా."

"తప్పు చదివితే నవ్వనా? మొద్దుని మొద్దు అనక ఏమంటారు?"

మాష్టారు రెండడుగులు వెనక్కి వేసి, దారి ఇచ్చి, "సరేనండీ. మీ ఇష్టం" అన్నారు.

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ళు నేలమీద ఆగలేదు. మీరు. ఇన్నాళ్ళకి. పట్టు పట్టి నిలబడితే ఎవరైనా దిగొస్తారన్నమాట. నేరుగా స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళి, టీ పోస్తున్న ఆయమ్మతో, తనకేమీ పట్టనట్టు, "మాష్టారు ఇవాళ నన్ను మీరు అన్నారులే" అంది.

ఆయమ్మ టీ పొయ్యడం ఆపేసింది. "మీరు అన్నారా?"

"ఆఁ. 'మీ ఇష్టం అండీ' అన్నారు."

"అయ్యో తల్లీ," అంది ఆయమ్మ. "ఏం చేశారు?"

డ్రిల్లు మాష్టారు తన కుర్చీని కాస్త పక్కకి జరుపుకున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చాలా ఏళ్ళ కిందట ఒక సైన్సు మాష్టారు ఉండేవాడట. ఒక పిల్లాడిని చేతులు వాచిపోయేలా కొట్టాడట. ఆ మర్నాటి నుంచి మీరు మాష్టారు ఆయన్ని 'మీరు' అనడం మొదలుపెట్టారు. తిట్టలేదు, దెబ్బలాడలేదు. "దయచేయండి", "కూర్చోండి", "తమరు ఎలా చెబితే అలాగే" అంటూ అంత దూరం నుంచి నెత్తిన పెట్టుకునేవారు. పాపం, ఆ మనిషి ఆ మర్యాద తట్టుకోలేకపోయాడు. ఊళ్ళో ఇంకెక్కడా ఉద్యోగం లేదన్నా వినకుండా వెళ్ళిపోయాడు. "ఆయన పెద్దవాళ్ళని మీరు అనడం అప్పుడొక్కసారే విన్నాను," అంది ఆయమ్మ. "మళ్ళీ ఇప్పుడు మిమ్మల్ని."

"నేను కొట్టలేదు," అంది కొత్త టీచరు.

"కొట్టలేదు లెండి," అంది ఆయమ్మ, ఎటో చూస్తూ.

ఆ మధ్యాహ్నం నుంచి ఆవిడకి కోరుకున్న గౌరవమంతా ఒక్కసారిగా దక్కింది. ఆవిడ గదిలోకి రాగానే మాష్టారు లేచి నిలబడేవారు. "ఇటు దయచేయండి. ఫ్యాను కింద కూర్చుంటారా? తమరి టీ." టిఫిన్ తిన్నావా అని అడగడం మానేశారు. తమరు తిన్నదీ లేనిదీ ఆయనకెందుకు? రోజూ కుంటికాలి బల్ల మీద ఆయన పక్కన పడుండే బిస్కెట్ల పొట్లం ఇప్పుడు పళ్ళెంలో పెట్టి ముందుకి వచ్చింది. లోకంలో ఎవరికైనా ఇంత మర్యాద జరిగితే పొంగిపోవాలి. ఆవిడకి మాత్రం ఎవరో తన ముఖం మీద చాలా మెల్లగా, చప్పుడు కాకుండా తలుపు వేసినట్టుంది.

శుక్రవారం సాయంత్రం గదికి వెళ్ళాక గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో ఇంటివాళ్ళు ఆవిడని మీరు అంటారు. కూరగాయలమ్మేవాడు మేడమ్ అంటాడు. స్కూల్లో అందరూ టీచరుగారే అంటారు. తిన్నావా, పడుకున్నావా, ఎండన పడి వచ్చావా అని అడిగే గొంతు ఒక్కటే ఉండేది. అది పోగొట్టుకోవడానికి తను ఎంత కష్టపడిందో తలుచుకుంటే ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ మీద పిచ్చుక గుర్తొచ్చింది. పుస్తకం మూసుకుని దాని మీద చేతులు పెట్టుకున్న పిచ్చుక. అప్పుడు నవ్వు పోయింది, రెండోదే మిగిలింది.

శనివారం గంట కొట్టకముందే ఆవిడ నాలుగో తరగతి దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక గుమ్మం దగ్గర ఒక్కర్తే కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది.

"మొన్న నేను నవ్వడం తప్పు," అంది కొత్త టీచరు. గంజి చీరతో గుమ్మంలో కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

పిచ్చుక తాడు కట్టడం పూర్తిచేసింది. ఆలోచించింది. "అందరి ముందూ నవ్వారు కదండీ," అంది. "ఇక్కడెవరూ లేరు కదండీ."

న్యాయమైన మాట. గంట కొట్టాక ఆవిడ క్లాసులోకి వెళ్ళింది. అందరూ లేచారు. పిచ్చుక కూర్చునే ఉంది. కొత్త టీచరు లేవమనలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది, ఎలాగూ వాటితో పని లేదు.

"మొన్న పిచ్చుక... పిచ్చుకగారు పాఠం చదువుతుంటే నేను నవ్వాను. మిమ్మల్ని కూడా నవ్వించాను. అది తప్పు. నేర్చుకునేవాళ్ళని చూసి టీచరు నవ్వకూడదు. నన్ను క్షమించమని అడుగుతున్నాను." గొంతు సన్నం కదా, చివరికి వచ్చేసరికి ఇంకా సన్నబడిపోయింది.

క్లాసంతా తలలు తిప్పి పిచ్చుకని చూసింది. పిచ్చుక బల్ల మీద చేతులు ఆనించి, మెల్లగా లేవబోయి, సగంలో ఆగింది. అటు కూర్చున్నట్టూ కాదు, ఇటు నిలబడ్డట్టూ కాదు.

"ఏమైందండీ?" అన్నాడు పక్కనున్న పిల్లాడు.

"సగం వచ్చిందండీ," అంది పిచ్చుక.

ఈసారి కొత్త టీచరు నవ్వింది, పిచ్చుక నవ్వింది, ఆ తర్వాతే క్లాసు నవ్వింది. మోకాళ్ళు నొప్పెట్టేదాకా ఆ పిల్ల అలాగే సగంలో నిలబడి, సగం గౌరవం నిజాయితీగా ఇచ్చి కూర్చుంది. మిగతా సగం ఆ తర్వాతి వారంలో విడతలుగా వచ్చింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి కొత్త టీచరు పెద్దమేడమ్ గదికి వెళ్ళింది. ఆవిడ విని, తల ఊపి, "మంచిది" అన్నారు. వెళ్ళబోతుంటే ఆపారు.

"మాష్టారు నిన్ను... మిమ్మల్ని ఏమైనా అన్నారా?"

"'మీరు' అన్నారండీ."

పెద్దమేడమ్ పెదవుల చివర ఏదో కదిలింది. "కూర్చోండి. నేను ఈ స్కూల్లోనే చదువుకున్నాను. నాలుగో తరగతి ఆయన దగ్గరే. మా ఇంట్లో నన్ను అందరూ 'ఒసేయ్' అని పిలిచేవాళ్ళు. దానికి నాకు కోపం కూడా వచ్చేది కాదు, అది నా పేరనుకున్నాను. మొదటిసారి ఆయన 'మీరు ఈ లెక్క చెయ్యగలరా' అంటే, నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవర్నో అంటున్నారని. ఆ లెక్క చేసేశాను. చెయ్యకపోతే ఆ మీరు వెళ్ళిపోతుందేమోనని భయం. తర్వాత తెలిసింది, చెయ్యకపోయినా వెళ్ళదని."

"మరి పెద్దయ్యాక?"

"ఈ కుర్చీలో కూర్చున్న మొదటిరోజు ఆయన గుమ్మంలో నిలబడి, 'వచ్చావా' అన్నారు. ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు మీరు అన్న మనిషి హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక నువ్వు అనడమేమిటి? అదే అడిగాను. ఆయన ఏమన్నారో తెలుసా? 'చిన్నపిల్లలకి మీరు అనేవాళ్ళుండరు, అందుకని వాళ్ళకది కావాలి. పెద్దయ్యేకొద్దీ నువ్వు అనేవాళ్ళు తగ్గిపోతారు. నీకు తక్కువైనదేదో అదే ఇస్తున్నాను, తీసుకో' అన్నారు. నాకప్పుడు అర్థం కాలేదు, ఏదో చమత్కారం అనుకున్నాను. మా అమ్మ పోయిన ఏడు అర్థమైంది. ఇప్పుడు ఇంత పెద్ద స్కూల్లో 'నీకు బీపీ ఉంది, అరవకు' అని చెప్పేది ఆయనొక్కరే." పెద్దమేడమ్ బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. "అందుకే ఎన్ని ఫిర్యాదులొచ్చినా పద్ధతి మార్చుకోమని ఆయన్ని నేను గట్టిగా అడగను. మెత్తగా అడుగుతాను, ఆయన వినరు. ఇక వెళ్ళండి, నాకు పనుంది."

కొత్త టీచరు వరండాలోకి వచ్చింది. గాలి లేచింది, వాన వచ్చేలా ఉంది. నాలుగో తరగతి గది కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. లోపల మాష్టారు సుద్దముక్కతో బోర్డు మీద ఏదో గీస్తూ, తల తిప్పకుండానే, "ఎవరది? నువ్వేనా? ఆ కిటికీ వేసిరా, తడుస్తావు" అన్నారు.

ఆవిడ పరుగున వెళ్ళి కిటికీ వేసింది. గడియ పెట్టడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే ముఖం అటే ఉంచుకోవాల్సి వచ్చింది.

ఇంటర్వెల్ గంట కొట్టారు. ఆయమ్మ మాష్టారి టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. వాన మొదలవడంతో పిల్లలెవరూ బయటికి పోలేదు. పిచ్చుక వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఏదో పెద్ద సందేహం ఉన్నట్టు కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"మాష్టారండీ, ఒకటి అడగొచ్చాండీ?"

"అడగండి పిచ్చుకగారూ."

"మీరు పెద్దవాళ్ళందర్నీ నువ్వు అంటారు కదండీ. మరి మీరూ పెద్దవారే కదండీ. మిమ్మల్ని నువ్వు అని ఎవరంటారండీ?"

మాష్టారు సుద్దముక్క కింద పెట్టారు. ఎంత పెద్ద లెక్కైనా నోటితో చేసేసే మనిషి ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆలోచించడం కొత్త టీచరు చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన్ని మాష్టారూ, మీరూ అనేవాళ్ళే. ఇంట్లో భార్య కూడా ఏమండీ అనే పిలుస్తుంది. అందరికీ లేనిది వెతికి వెతికి ఇచ్చిన మనిషి, తన దగ్గర ఉందో లేదో చూసుకోలేదు.

"మా అక్క ఉండేదండీ," అన్నారు చివరికి. "ఆవిడ అనేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదండీ."

పిచ్చుక చాలా కష్టమైన మాట చదవబోయే ముందు చేసినట్టే ఊపిరి బిగబట్టింది.

"నువ్వు..." అంది. "నువ్వు టీ తాగావా... అండీ?"

"ఇంకా లేదండీ," అన్నారు మాష్టారు.

"అయితే తాగు. చల్లారిపోతుంది."

మాష్టారు రెండు చేతులతో గ్లాసు ఎత్తి, పిచ్చుక చూస్తుండగా, అడుగుదాకా బుద్ధిగా తాగేశారు.